‘ఆ మందు నాకు పడదు’ అన్నప్పుడు అసలు ఏం జరిగిందో చెప్పండి

మన భాషలో ‘పడదు’ అనే మాట చాలా పనులు చేస్తుంది. ఒకరికి వంకాయ పడదు, ఇంకొకరికి చన్నీళ్లు పడవు, ఎదురింటి అన్నదమ్ములకు ఒకరంటే ఒకరికి పడదు. దురద, కడుపునొప్పి, అయిష్టం, పాత పగ, అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఆసుపత్రిలో, అందులోనూ పెన్సిలిన్ జాతి మందుల విషయంలో, ఈ మాటను ఇంత అస్పష్టంగా వాడటం ప్రమాదకరమని నేను అనుభవం మీద నమ్ముతున్నాను.

మా అమ్మకు పెన్సిలిన్ పడదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, కుర్చీలో కూర్చోకముందే ఆ మాట చెప్పేవాళ్లం. వాళ్లు చీటీ పైభాగంలో ఎర్ర సిరాతో రాసుకొని, వేరే మందు ఇచ్చేవారు. గత ఏడాది ఆమె కాలికి చిన్న దెబ్బ తగిలి, మోకాలి కింద ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే మంటగా ఉండే సెల్యులైటిస్ వచ్చినప్పుడు మాత్రం, చూసిన వైద్యురాలు మేము చెప్పిందాన్ని అలాగే రాసుకోలేదు. కలం పక్కన పెట్టి, “పడలేదంటే ఏమైందమ్మా?” అని అడిగారు. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆవిడే. అమ్మ కాసేపు ఆలోచించి, పంటినొప్పికి వేసుకున్న మాత్రల వల్ల రెండు రోజులు విరేచనాలయ్యాయని, “వేడి చేసింది” అని మా నాయనమ్మ మజ్జిగ తాగించి ఆ మాత్రలు పారేయించిందని చెప్పింది. అంతే. దద్దుర్లు లేవు, వాపు లేదు, ఆయాసం లేదు.

ఆ వైద్యురాలు అడిగిన ప్రశ్నలు నాలుగే. ఏ మందు వేసుకున్నారు, వేసుకున్న ఎంతసేపటికి తేడా కనిపించింది, ఒంట్లో ఏం జరిగింది, ఆ తరువాత అదే జాతి మందు ఎప్పుడైనా వాడారా? మందు వేసుకున్న నిమిషాల్లో, లేదా గంట రెండు గంటల్లోపు ఒళ్లంతా దురదతో దద్దుర్లు లేవడం, పెదవులూ నాలుకా వాయడం, గొంతు బిగుసుకుపోవడం, పిల్లికూతలు, కళ్లు తిరిగి పడిపోవడం: ఇవి నిజమైన అలర్జీ లక్షణాలు. అలాంటప్పుడు మజ్జిగ కోసం వెతకకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి, ఎందుకంటే ప్రాణం నిలబెట్టేది తొడ కండరంలోకి సకాలంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షన్. కొన్ని రోజుల తరువాత చర్మం బొబ్బలెక్కి ఊడిపోవడం, నోట్లోనూ కళ్లలోనూ పుండ్లు పడటం మరో రకం ప్రతిచర్య. అది అరుదు, కానీ ఒకసారి వచ్చినవారు ఆ మందు జోలికి మళ్లీ పోకూడదు. వికారం, పలచటి విరేచనాలు, నోరు చేదెక్కడం మాత్రం అలర్జీ కాదు. అవి మందు వల్ల వచ్చే ఇబ్బందులు, విరేచనాలైతే చాలావరకు అది పేగుల్లోని మంచి బాక్టీరియాను కూడా చంపడం వల్ల వచ్చేవి. మన ఇళ్లలో ఈ మూడింటికీ ‘పడలేదు’ అనే అంటాం, లేకపోతే ‘వేడి చేసింది’ అంటాం.

తేడా తెలియకపోతే ఏం పోయింది, జాగ్రత్త మంచిదేగా, అని నేనూ అనుకునేవాణ్ణి. పోయేది చాలానే ఉంది. అమెరికాలో దాదాపు పది శాతం మంది తమకు పెన్సిలిన్ అలర్జీ ఉందని చెబుతారు. పరీక్షించి చూస్తే వారిలో పదిమందికి తొమ్మిదిమంది ఆ మందును నిక్షేపంగా తట్టుకోగలుగుతున్నారు. నిజంగా అలర్జీ ఉన్నవాళ్లలో కూడా పదేళ్లు గడిచేసరికి ఎక్కువమందిలో అది తగ్గిపోతుంది. కానీ చీటీ మీద ఆ ముద్ర ఉన్నంతకాలం డాక్టరు అవసరానికి మించి ఎన్నో రకాల బాక్టీరియాను చంపే, మరింత ఖరీదైన, కొన్నిసార్లు ఆ రోగానికి అంత బాగా పనిచేయని మందు ఇవ్వాల్సి వస్తుంది. మా అమ్మకు ఆసుపత్రిలోనే పెన్సిలిన్ జాతి మందే ఒక డోసు ఇచ్చి, గంటకు పైగా కూర్చోబెట్టి చూశారు. ఏమీ కాలేదు. ఇది ఇంట్లో చేసుకునే ప్రయోగం కాదని నొక్కి చెబుతున్నాను. పాత సంగతి విని ప్రమాదం తక్కువని తేల్చుకున్న తరువాత, అడ్రినలిన్ చేతికందే చోట మాత్రమే వారు ఆ పని చేశారు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు ఇంకా భయంకరమైనది. నిజంగా అలర్జీ ఉన్న మనిషి ‘పెన్సిలిన్’ అనే పేరు మాత్రమే గుర్తుపెట్టుకుంటాడు. మందుల షాపులో ఇచ్చే షీటు మీద ఆ పేరు ఉండదు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లాక్సాసిలిన్, ఆసుపత్రిలో సెలైన్‌తో పాటు ఎక్కించే పిపరాసిలిన్, అన్నీ ఆ కుటుంబానివే. పేరు చివర ‘సిలిన్’ ఉందేమో చూసుకోవడం ఒక దారి, కానీ కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లోనూ అసలు పేరు చీమతలకాయంత అక్షరాల్లోనూ ఉంటే ఎవరికి కనిపిస్తుంది? కడుపులో పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ కోసం ఇచ్చే మాత్రల కిట్లలో కూడా చాలావరకు అమాక్సిసిలిన్ ఉంటుందని ఎంతమందికి తెలుసు? ఇంజక్షనుకైతే చేతి మీద టెస్ట్ డోసు వేసి చూస్తారు, మాత్రకు అలాంటిదేమీ ఉండదు. అక్కడ మనల్ని కాపాడేది మన జ్ఞాపకమే.

ఇక ‘625’ సంగతి. మా వీధిలో గొంతునొప్పి అని వెళ్లిన ప్రతి మనిషికీ షాపులో మూడు 625లు కత్తిరించి ఇస్తారు. “పవర్ ఉన్నది ఇవ్వండి” అని అడిగి మరీ తీసుకునేవాళ్లను నేను చూశాను. ఆ అంకె పవర్‌ను సూచించదు. అందులో 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్, 125 మిల్లీగ్రాముల క్లావులానిక్ ఆమ్లం ఉంటాయి. కొన్ని బాక్టీరియాలు పెన్సిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును తయారుచేసుకుంటాయి. ఈ సంగతిని ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 1940లోనే, అంటే ఆ మందు జనానికి అందకముందే, గుర్తించారు. క్లావులానిక్ ఆమ్లం ఆ ఎంజైముకు అడ్డం పడి అమాక్సిసిలిన్‌ను కాపాడుతుంది. ఎంజైము లేని బాక్టీరియా మీద దానితో ఒరిగే అదనపు ప్రయోజనం లేదు, విరేచనాలు మాత్రం అదనంగా వస్తాయి. భోజనం మొదట్లో వేసుకుంటే కడుపు ఇబ్బంది కొంత తగ్గుతుంది. పెద్దవయసు వారిలో అరుదుగా కామెర్లు రావచ్చు, అదీ కోర్సు ముగిసిన కొన్ని వారాలకు కూడా, కాబట్టి కళ్లు పచ్చబడితే నెల క్రితం వేసుకున్న మాత్రల గురించి డాక్టరుకు చెప్పాలి.

ఆ మాటకొస్తే గొంతునొప్పుల్లో అధికభాగం వైరస్ వల్ల వచ్చేవే. పెన్సిలిన్ జాతి మందులు బాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడను కట్టుకోనివ్వవు. వైరస్‌కు ఆ గోడే లేనప్పుడు అవి దేన్ని ఆపుతాయి?

బాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పి కథ వేరు, అక్కడ నా వాదన కాస్త తిరగబడుతుంది. 1945లో నోబెల్ ఉపన్యాసంలో, పెన్సిలిన్‌ను కనిపెట్టిన ఫ్లెమింగ్, గొంతునొప్పికి సొంతంగా పెన్సిలిన్ కొనుక్కొని చాలీచాలకుండా వాడే ఒక ఊహాజనిత మనిషి గురించి హెచ్చరించాడు. ఆ మనిషి గొంతులోని స్ట్రెప్టోకాకస్ మొండికేసి, అతని భార్యకు అంటుకొని ఆమె ప్రాణం తీస్తుందన్నాడు. హెచ్చరిక నిజమైంది, ఉదాహరణ మాత్రం తప్పింది: చీముపుండ్లకు కారణమయ్యే స్టెఫైలోకాకస్ కొద్ది ఏళ్లలోనే ఎదురు తిరిగింది, గొంతుకు వచ్చే ఆ గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ మాత్రం ఇన్ని దశాబ్దాల తరువాత కూడా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. అయినా దాని విషయంలో మాత్రలను పది రోజులూ వాడాలంటారు. సరిగా వైద్యం జరగకపోతే కొందరు పిల్లల్లో కీళ్లవాతంతో మొదలై గుండె కవాటాలు దెబ్బతింటాయి. అలా దెబ్బతిన్న పిల్లలు మూడు వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజక్షను ఏళ్ల తరబడి చేయించుకుంటారు. తుంటికి వేసిన ఆ ఇంజక్షను నొప్పితో కుంటుతూ బడికి వెళ్లే ఆ పిల్లలకు ఎవరైనా తేలిగ్గా ‘పడదు’ అని రాసేస్తే, వాళ్ల గుండెకు ఉన్న రక్షణను తీసేసినట్టే.

ఎన్ని రోజులు వాడాలన్నది జబ్బును బట్టి ఉంటుంది. కొన్ని రకాల న్యుమోనియాకు ఇప్పుడు డాక్టర్లే అయిదు రోజులు చాలంటున్నారు. దాన్ని నిర్ణయించాల్సింది డాక్టరు, మన జ్వరం తగ్గిన రోజు కాదు. మిగిలిన మాత్రలు అలమారాలో దాచి వచ్చే ఏడు పక్కింటివాళ్లకు ఇవ్వడం సాయం కిందికి రాదు. పిల్లల పొడి సిరప్‌లో కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకు పోసి, బాగా కలిపి, సీసా మీద రాసినట్టు ఫ్రిజ్‌లో పెట్టి, అక్కడ చెప్పిన గడువు, సాధారణంగా వారం, దాటగానే పారబోయాలి. వంటింటి చెంచాతో కొలవకూడదు, డోసు పిల్ల బరువును బట్టి లెక్కకట్టింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కీళ్లకు మెథోట్రెక్సేట్ వాడేవారు, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

షీటు మీద నిలువునా ఉండే ఎర్ర గీతకు అర్థం, చీటీ లేకుండా అమ్మకూడదని. మా వీధి షాపులో ఆ గీత మీదుగానే కత్తెర వేసి మూడు మాత్రలు ఇస్తారు. అసలు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఆ మాత్రలతో రేపు ఎవరికైనా దద్దుర్లు లేస్తే, ఏ మందుతో వచ్చాయో చెప్పడానికి వాళ్ల దగ్గర కాగితం ముక్క కూడా ఉండదు. ‘ఏదో మాత్ర పడలేదు’ అంటారు.

మా అమ్మ మందుల డబ్బాలో ఇప్పుడు ఒక కాగితం ఉంది: “పాతది: విరేచనాలు మాత్రమే. నిరుడు ఆసుపత్రిలో అమాక్సిసిలిన్ ఇచ్చారు, ఏమీ కాలేదు.” దాని కింద మా మేనత్త గురించి ఇంకో వరుస రాశాను. ఆమెకు యాంపిసిలిన్ వేసుకున్న అరగంటలో ముఖం వాచి, ఊపిరాడక, రాత్రికి రాత్రి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆమెకు నిజంగానే పడదు. ‘సిలిన్’ పేర్లన్నీ వరుసగా రాసిన చీటీని ఆమె పర్సులో కూడా పెట్టాను, చత్వారం కాబట్టి పెద్ద అక్షరాలతో.