26 కేజీల బస్తా

సౌదీలో మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మాట ఉంది, దానికి చావు లేదు. "మన టాక్స్ డబ్బులన్నీ ఊళ్లో జనాలకి పప్పుబెల్లాల్లా పంచేస్తున్నారు." ఆంధ్రాలో 2024 జులైలో పెన్షన్ 4,000 చేసినప్పుడు వచ్చింది, 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఫ్రీ బస్సు మొదలెట్టినప్పుడు మళ్లీ వచ్చింది, దాని కింద వరసగా దండాలు, బొటనవేళ్లు, "కరెక్ట్ గా చెప్పారు అన్నయ్యా" లు. పత్రికకి ఏదో ఒకటి రాయమని ఎడిటర్ గారు అడిగారు కదా, ఈ మాట గురించే రాస్తాను, ఎవరికైనా కోపం వస్తే వచ్చే మీటింగులో బిర్యానీ దగ్గర మాట్లాడుకుందాం.

అసలు మనం ఏ టాక్స్ కడుతున్నామండీ ఇండియాకి? ఇక్కడ సౌదీలో జీతం మీద ఇన్కమ్ టాక్స్ లేదు. ఎన్నారైలం కాబట్టి ఈ జీతం మీద అక్కడా లేదు. ఇక్కడి సంపాదన అక్కడి బ్యాంకులో దాచుకునే ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీ మీద కూడా లేదు. శ్రీకాకుళంలో ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఆ అద్దె మీద కట్టాలి, కట్టేవాళ్లు కడతారు, ఆ సంగతి ఇప్పుడెందుకులెండి. 2020 ఫిబ్రవరి 1 బడ్జెట్ రోజు గుర్తుందా, వేరే ఏ దేశంలోనూ టాక్స్ కట్టని ఇండియన్ ని ఇండియా రెసిడెంటు కిందే లెక్కేస్తాం అన్నారు, ఆ రాత్రి మన గ్రూపులో ఎవడూ నిద్రపోలేదు. గల్ఫ్ జీతాల మీద టాక్స్ వేసేస్తున్నారు, ఇల్లు అమ్ముకోవాలి, దేశం మనకేం ఇచ్చింది అని ఒకటే గోల. మర్నాడే ఫైనాన్స్ మినిస్ట్రీ వాళ్లు గల్ఫ్ లో సంపాదించిన జీతం జోలికి రావట్లేదు అని వివరణ ఇచ్చాకే అందరికీ ఊపిరొచ్చింది. పడని పన్నుకే అంత గోల పెట్టినవాళ్లం, పడే పన్ను రోజూ కట్టేవాళ్లని పట్టుకుని "మన టాక్స్ డబ్బులు" అంటున్నాం.

కట్టేది ఎవరో చెప్తాను. కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచే ఆడమనిషి కడుతోంది. సెల్ రీఛార్జ్ చేయిస్తే అందులో 18 శాతం జీఎస్టీ. మొన్న 2025 సెప్టెంబరు దాకా ఒంటి సబ్బు మీద 18, తల నూనె మీద 18, పిల్లాడి బిస్కెట్ల మీద 18, అంటే 118 రూపాయల సబ్బుల ప్యాకెట్ కొంటే 18 గవర్నమెంటుకే. ఆవిడకి ఆ సంగతి తెలీదు, ఎందుకంటే మన దేశంలో ప్యాకెట్ మీద "అన్ని పన్నులు కలిపి" అని ఒక్క ఎమ్మార్పీయే ఉంటుంది. ఇక్కడ సౌదీలో బకాలాకి, అంటే కిరాణా కొట్టుకి వెళ్లి పెరుగు కొన్నా కాగితం మీద వ్యాట్ ఎంతో విడిగా కొట్టి ఇస్తాడు. అక్కడ ఊరి కొట్లో కాగితమే ఇవ్వడు, ఇచ్చినా లెక్క బీడీకట్ట మీద రాసిందే. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు అప్పట్లో ఏమన్నారు, ఆర్థిక నిపుణులు ఏమన్నారు అని మనం టీవీ చూసి వాదించుకుంటాం గానీ పన్ను అనేది ఊళ్లో ఎవరి కంటికీ కనపడదు, ధర మాత్రమే కనపడుతుంది, ధర పెరిగితే తిట్లు తినేది కొట్టాయనే.

2024 సెప్టెంబరు సంగతే తీసుకోండి. దసరాకి నెల కూడా లేదు, అప్పుడు వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచారు, ముడి నూనె మీద అన్నీ కలిపి 5.5 శాతం ఉండేది 27.5 అయింది, రిఫైండ్ మీద 13.75 ఉండేది 35.75. నూనెగింజల రైతుకి ధర రావాలని చేశారు, అది తప్పని నేననను, మన రైతు నువ్వులూ వేరుశనగా పండిస్తే మలేషియా పామాయిల్ వచ్చి ముంచేస్తోంది కదా. గానీ విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వచ్చే జనానికి బజ్జీలూ పునుగులూ వేసే బండాయనకి ఈ సుంకాల గొడవ ఎవరు చెప్తారు. ఆ సెలవుల్లో నేను ఊళ్లోనే ఉన్నాను. పునుగులు చిన్నవైపోయాయేంటి బాబాయ్ అంటే, "నానేటి సేత్తాను బాబూ, నూనె డబ్బా మండిపోతంది, రేటు పెంచితే ఎవుడు తింటాడు, అందుకే సైజు తగ్గించేసినాను" అన్నాడు. తినేవాళ్లు ఆయన్ని పిసినారి అనుకుని పోతున్నారు. 2025 మే నెలాఖరులో ముడి నూనె మీద సుంకం మళ్లీ 16.5 కి తగ్గించారు. పునుగు మళ్లీ పెద్దదయిందా లేదా అన్నది మాత్రం నన్నడక్కండి.

మరి జనం ఊరుకుంటారా అంటే, ధర్నాలు చేయకపోయినా ఊరుకోరు. నాకు బాగా నచ్చిన సంగతి బియ్యం బస్తాది. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పిండి, పప్పులు, పెరుగు వీటి మీద 5 శాతం జీఎస్టీ వేశారు, అంతకుముందు బ్రాండు రిజిస్టర్ చేయించుకున్నవాటికే ఉండేది. దాంట్లో 25 కేజీల దాకా ఉన్న ప్యాకింగుకే పన్ను అన్నారు. అంతే, 26 కేజీల బస్తా పుట్టింది. ఇప్పుడు మీరు ఆంధ్రాలో ఏ కొట్టుకెళ్లినా 26 కేజీల బస్తాలు కనపడతాయి, మా అప్ప, అంటే మా అక్క, నరసన్నపేటలో రెండేళ్లుగా అవే కొంటోంది, ఎందుకు 26 అని అడిగితే "ఏమో, ఒక కేజీ ఎక్కువొస్తందిలే" అంటుంది. మిల్లరు తన లెక్క తను చూసుకున్నాడు, పన్ను తప్పింది, కొనేవాడికీ కలిసొచ్చింది. గానీ 26 కేజీలు ఒకేసారి కొనడానికి చేతిలో డబ్బులుండాలి కదా. రోజు కూలీ మీద బతికేవాడు ఐదు కేజీలో పది కేజీలో ప్యాకెట్ కొంటే ఆ 5 శాతం వాడే కడతాడు, లేదంటే విడిబియ్యం తూకం వేయించుకోవాలి. ఇంట్లో ఇంకా మిగతా ఖర్చులకి డబ్బున్నవాడికి పన్ను తప్పించుకునే దారి ఉంది, లేనివాడికి లేదు.

ఇక పెట్రోలు. ఇది మన శ్రీకాకుళం జిల్లా వాళ్లకి తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు, ఎందుకంటే మనది ఒడిశా బోర్డరు. పెట్రోలు, డీజిల్ జీఎస్టీలో లేవు, ఏ రాష్ట్రం వ్యాట్ ఆ రాష్ట్రానిదే. మన దగ్గర పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, పైన లీటరుకి 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు 1 రూపాయి. దీనికి ముందే సెంట్రల్ ఎక్సైజ్ పడి ఉంటుంది, దాని మీద కూడా కలిపే ఈ 31 శాతం, అంటే పన్ను మీద పన్ను. కిందటి సెలవుల్లో చూస్తే అటూ ఇటూ లీటరుకి ఏడెనిమిది రూపాయల తేడా ఉంది. ఇచ్చాపురం వాళ్లు పురుషోత్తపురం దాటెళ్లి కొట్టించుకుంటారు, పాతపట్నం వాళ్లకైతే మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి, పార్వతీపురం అటువైపు వాళ్లు రాయగడ రోడ్డు. లారీలవాళ్లు ఒడిశాలో ట్యాంకు నింపుకునే ఆంధ్రాలో దిగుతారు. 2020 మేలో మద్యం రేట్లు రెండు విడతల్లో కలిపి 75 శాతం పెంచినప్పుడు కూడా ఇదే కథ, బండ్లు అటే తిరిగాయి. మన ఖజానాకి రావాల్సింది పక్క రాష్ట్రం ఖజానాకి పోయింది. పన్ను ఎక్కువ వేస్తే ఎక్కువ డబ్బులొస్తాయి అనుకునే ఆఫీసర్లు ఒకసారి ఆదివారం పొద్దున్న ఇచ్చాపురం వచ్చి నిలబడి చూడాలి. గానీ ఇది కూడా బోర్డరు పక్క ఉన్నోడికే, రాజాం వాడు, చీపురుపల్లి వాడు ఎక్కడికెళ్తాడు.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, దీనికోసమే ఇదంతా రాశాను. ఫ్రీ బస్సు వచ్చాక ఆటోవాళ్లకి బేరాలు పడిపోయాయి అని 2025 అక్టోబరులో "ఆటో డ్రైవర్ల సేవలో" అని ఒక్కొక్కళ్లకి ఏడాదికి 15,000 వేశారు. మన గ్రూపులో మళ్లీ అదే మాట, మన టాక్స్ డబ్బులు. సరే, ఆమదాలవలస స్టేషన్ నుంచి శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ కి తిప్పే డీజిల్ ఆటో ఒకటి తీసుకుందాం. డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, ఆ నాలుగు రూపాయలు, ఆ సెస్సు, అన్నీ కలిపితే లీటరుకి రాష్ట్రానికే ఇరవై రూపాయల పైన వెళ్తుంది. రోజుకి మూడు లీటర్లు వేసుకోండి, తక్కువే చెప్తున్నాను, ఏడాదికి 300 రోజులు. 18,000 అయింది. సెంట్రల్ ఎక్సైజ్ ఇందులో కలపలేదు, టైర్ల మీద, స్పేర్ పార్టుల మీద, ఇన్సూరెన్స్ మీద జీఎస్టీ కలపలేదు. అంటే ఆ మనిషికి ఇచ్చిన 15,000 ఆయన డబ్బులే, ఇంకా మూడు వేలు గవర్నమెంటుకి ఆయనే బాకీ లేకుండా కట్టాడు. మనం దమ్మామ్ లో ఏసీలో కూర్చుని ఆయన్ని సోమరిపోతు అన్నాం.

ఉచితాల మీద వాదన అసలు వద్దని కాదు. అప్పులు చేసి పథకాలు పెడితే రేపు ఎవరు తీరుస్తారు అన్నది సరైన ప్రశ్నే, ఉద్దానంలో డయాలసిస్ మీద బతికేవాళ్లకి నెలకి 10,000 పెన్షను ఇవ్వడం వేరు, ఎలక్షన్ ముందు పంచేది వేరు. ఆ తేడా చూసి మాట్లాడితే నేనూ కూర్చుంటాను.

కనపడే పన్ను మీద జనం ఎలా తిరగబడతారో చెత్త పన్నులో చూశాం. 2021 అక్టోబరులో మొదలెట్టారు, మునిసిపాలిటీల్లో ఇంటికి నెలకి 60 నుంచి 120 దాకా. డబ్బు పెద్దది కాదు, సబ్బులూ రీఛార్జులూ పెట్రోలు మీద అదే ఇల్లు నెలనెలా కట్టేదాంతో పోలిస్తే ఏమూలకీ రాదు, గానీ మనిషి గుమ్మంలోకొచ్చి రసీదు చింపి చేతిలో పెట్టి అడిగాడు. దాంతో పేరే శాపమయింది, చెత్త మీద కూడా పన్నేటిరా అని ప్రతి వీధిలో అన్నారు, 2024లో కొత్త గవర్నమెంటు వచ్చాక తీసేశారు. ఏ గవర్నమెంటైనా దీన్నుంచి నేర్చుకునే పాఠం ఒకటే, గుమ్మంలోకి రాకు, ఎమ్మార్పీలో దాక్కో.

మనమూ అంతే కదా ఇక్కడ. 2017 జులైలో ఫ్యామిలీ మెంబరుకి నెలకి 100 రియాల్ అని మొదలెట్టి ఏటా వంద పెంచుకుంటూ 2020 జులైకి 400 చేశారు. భార్యా ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 14,400 రియాల్, ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ కి ముందే కట్టాలి. అదే 2020 జులైలో వ్యాట్ 5 నుంచి ఒక్కసారే 15 అయింది, అదీ కరోనా రోజుల్లో. ధర్నా చేసే దేశం కాదు, ఓటు లేదు. మన జవాబు ఒక్కటే, ఫైనల్ ఎగ్జిట్, అంటే వీసా మూసేసుకుని ఊరెళ్లిపోవడం. ఎంతమంది ఆడవాళ్లూ పిల్లలూ టెక్కలి, సోంపేట, బొబ్బిలి వెళ్లిపోయారో, మగాళ్లు నలుగురేసి ఒక రూములో బ్యాచిలర్లయిపోయారో మీకు తెలుసు, అందులో మీరూ ఉన్నారు. పన్ను అంటే కాపురాన్ని ఎలా విడగొడుతుందో తెలిసినవాళ్లం మనం, ఊళ్లో వాళ్ల గురించి ఇంత తేలిగ్గా ఎలా మాట్లాడతాం అన్నదే నాకు అర్థం కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గించారు కదా అంటారు. తగ్గించారు, మంచి పనే. 12, 28 శ్లాబులు తీసేసి ఎక్కువ సరుకు 5, 18 లోకి తెచ్చారు, సబ్బు, షాంపూ, తల నూనె, బిస్కెట్లు 5 కి వచ్చాయి. గానీ ఎవరికి ఎంత అందిందో చూడండి. మామూలు బైకు కొన్నవాడికి 28 కి బదులు 18, వేలల్లో మిగిలింది. మనం ఊళ్లో అమ్మానాన్నలకి తీసిన హెల్త్ పాలసీ మీద 18 పూర్తిగా పోయింది, అది మనకే బాగా కలిసొచ్చింది. అదే రూపాయి షాంపూ సాచె కొనే ఆవిడకి? రూపాయిని రూపాయి కంటే తగ్గించి ఎలా అమ్ముతాడు, ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టూ అంతే, కంపెనీలేమో గ్రాములు పెంచుతాం అన్నాయి. గ్రాములు ఎవరు తూచి చూస్తారు చెప్పండి. వంటనూనె అప్పుడూ 5 శాతమే ఇప్పుడూ 5 శాతమే, రీఛార్జ్ 18 అలాగే ఉంది, పెట్రోలు డీజిల్ ఆ లెక్కలోకే రాలేదు. మా అప్పని "జీఎస్టీ తగ్గింది కదా, ఖర్చు తగ్గిందా" అని ఫోన్లో అడిగితే "ఏటి తగ్గింది? కూరలకి తగ్గిందా, గ్యాసుకి తగ్గిందా, స్కూలు ఫీజుకి తగ్గిందా?" అని మూడు ప్రశ్నలు వేసింది. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి సంఘానికి నాదొక సలహా. మన సంక్రాంతి సంబరాలకీ ఉగాదికీ ఊరి నుంచి లీడర్లు వస్తూనే ఉంటారు. శాలువా కప్పుతాం, ఎయిర్పోర్టు ఎప్పుడు, డైరెక్ట్ ఫ్లైట్ ఎప్పుడు అని అడుగుతాం, మనకి కావలసినవే అడుగుతాం. ఈసారి ఏ పార్టీ ఆయన వచ్చినా డీజిల్ మీద ఆ 22.25 శాతం సంగతి, దాని మీద ఆ నాలుగు రూపాయల సంగతి అడుగుదాం, పక్కనే ఒడిశా తక్కువకి ఎలా అమ్ముతోందో కూడా చెప్పమందాం. సెల్ఫీలు ఆయన జవాబు చెప్పాక దిగుదాం.