పరిసయ్యుడు అబద్ధం చెప్పలేదు

మా తెలుగు చర్చిలో ఎవరి నోరైనా మూయించాలంటే "పరిసయ్యుడు" అన్న ఒక్క మాట చాలు. బైబిల్లో యేసుతో వాదనకి దిగే యూదు మతనిష్ఠుల వర్గం పరిసయ్యులు; మా వాడుకలో ఆ మాటకి అర్థం దొంగభక్తుడు. నగలు పెట్టుకోకూడదనేవాళ్లని పెట్టుకునేవాళ్లు అంటారు. దశమభాగం (సంపాదనలో పదోవంతు కానుక) లెక్క అడిగే పెద్దల్ని కుర్రాళ్లు అంటారు. నేనూ చాలామందిని అన్నాను. ఒకసారి ఆఫీసులో భోజనాల దగ్గర, అక్కడ లేని ఒకాయన గురించి అదే మాట ఇంగ్లీషులో వాడేశాను. ఎదురుగా కూర్చున్న యూదు మిత్రుడు నవ్వుతూనే, "వాళ్లు మా తాతలు, తెలుసా?" అన్నాడు.

తెలియదు. ఆ సాయంత్రం నుంచి చదవడం మొదలుపెట్టాను.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశారు. బలులు ఆగిపోయాయి. గుడినే నమ్ముకున్న యాజకుల వర్గం, సద్దూకయ్యులు, చరిత్రలోంచి మాయమయ్యారు. నిలబడింది పరిసయ్యుల దారి. యాజకుడు గుడిలో పాటించే శుద్ధిని మామూలు ఇంటి వంటగదిలోకి, భోజనాల దగ్గరికి తెచ్చినవాళ్లు వాళ్లు. మడి కట్టుకుని వంట చేసే నాయనమ్మల్ని చూసిన ఊళ్లనుంచి వచ్చిన మనకి, చేతులు కడుక్కోవడం మీద వాళ్ల పట్టింపు మరీ అంత వింతగా ఉండకూడదు. నేటి యూదు రబ్బీల (మతగురువుల) సంప్రదాయానికి మూలం ఆ దారే.

ఆ కాలపు చరిత్రకారుడు జోసీఫస్, శిక్షలు వేయడంలో వాళ్లు మెతకవాళ్లని రాశాడు. చనిపోయినవాళ్లు తిరిగి లేస్తారన్న నమ్మకాన్ని సద్దూకయ్యులు కొట్టిపారేస్తే, పట్టుకుని ఉన్నది వీళ్లు. యేసు శిష్యులైన అపొస్తలుల జోలికి పోవద్దని యూదుల మహాసభలో చెప్పిన గమలీయేలు పరిసయ్యుడు. పౌలు కూడా నేను పరిసయ్యుణ్ణే అని చెప్పుకున్నాడు. హేరోదు నిన్ను చంపాలని చూస్తున్నాడు, ఇక్కణ్ణుంచి వెళ్లిపో అని యేసుని హెచ్చరించింది కూడా కొందరు పరిసయ్యులే. లూకా సువార్త 13లో ఉంది. ఇన్నేళ్లలో ఆ వచనం మీద ఒక్క ప్రసంగం విన్న గుర్తు లేదు నాకు.

మరి పరిసయ్యుల్ని యేసు తిట్టిన మత్తయి సువార్త 23 సంగతేంటని అడుగుతారు. పుదీనాలో, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కగట్టి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని, దోమని వడగట్టి ఒంటెని మింగుతారని యేసు గట్టిగానే తిట్టాడు. కానీ అది యూదుడు యూదులతో పడిన గొడవ. అన్న తమ్ముణ్ణి తిట్టిన తిట్టుని పక్కింటివాడు పట్టుకుని, వాళ్ల మనవల్ని కూడా తిడుతూ ఉంటే అది ఇంకో సంగతి. పైగా వాళ్లలోనూ ఆ ఎరుక ఉంది. రబ్బీల బోధలు, చర్చల గ్రంథం తల్మూదులో ఏడు రకాల పరిసయ్యులని ఒక జాబితా ఉంది, అందులో చాలావరకు వెక్కిరింతే. ఒకడైతే ఆడవాళ్లు కంటపడకూడదని కళ్లు మూసుకుని నడిచి, గోడకి తల కొట్టుకుని రక్తం కార్చుకుంటాడు.

2019 మే నెలలో రోములో పరిసయ్యుల మీదే ఒక పండిత సమావేశం జరిగింది. అక్కడికి వచ్చినవాళ్లతో పోప్ ఫ్రాన్సిస్, ఈ మాటని మనం వేషధారికి పర్యాయపదంగా వాడుతున్నామని, చాలామంది యూదులకు వాళ్లు ఆధ్యాత్మిక పూర్వీకులని గుర్తుచేశారు.

ఈ మాటని తిట్టుగా వాడి మనమూ ఒకటి పోగొట్టుకున్నాం. లూకా 18లో ప్రార్థనకి దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడు, సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) కథ చూడండి. పరిసయ్యుడి ప్రార్థన ఇది. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటానన్నాడు. ఉండేవాడే. ధర్మశాస్త్రం అందరినీ అడిగింది ఏడాదికి ఒక్కరోజు. సంపాదనంతటిలో పదోవంతు ఇస్తానన్నాడు. ఇచ్చేవాడే. (తొలి క్రైస్తవుల గ్రంథం దిడాకే ఏమంటుందంటే, వేషధారుల్లా సోమ, గురువారాల్లో ఉపవాసం ఉండకండి, బుధ, శుక్రవారాల్లో ఉండండి. రోజులు మార్చేస్తే సరిపోయింది!) అవతలి సుంకరి నిజంగానే జనాన్ని పీడించే కొలువులో ఉన్నవాడు. అంటే ఆ ప్రార్థనలో ఒక్క అబద్ధమూ లేదు. కథ తిరగబడేది తాను "ఈ సుంకరివలెనైనను" లేనందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పిన మాట దగ్గర. దేవుడితో మాట్లాడుతూ ఓరకంట పక్కవాణ్ణి చూశాడు.

వేషధారికి తన వేషం సంగతి తెలుసు, ఏదో ఒక రాత్రి నిద్ర పట్టదు. స్వనీతి ఉన్నవాడికి ఆ బాధ లేదు, ఎందుకంటే అతని లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి. లంచం తినేవాడికి ఈ జబ్బు అంత సులువుగా రాదు. కానుకలిచ్చేవాడికి, అందరికంటే ముందొచ్చి హాల్లో కుర్చీలు సర్దేవాడికి వస్తుంది. పరిసయ్యుణ్ణి దొంగభక్తుడిగా మార్చేసుకుని మనం హాయిగా తప్పించుకున్నాం.

ఇదంతా చదివాక వచ్చిన ఉగాదికి, మన సంఘం పాట్‌లక్‌లో జరిగింది చెప్తాను. అప్పుడు ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాలు, నేను ఉపవాసంలో ఉన్నాను. బిర్యానీ దగ్గర వడ్డిస్తున్న ఆవిడ గరిటె ఎత్తింది. ఒక్క తల ఊపితే సరిపోయేది. "వద్దండీ, నలభై రోజులు ఉపవాసం" అన్నాను, అవసరమైన దానికంటే కాస్త గట్టిగా. అని, వెనక ఉన్నాయన ప్లేటు వైపు చూశాను. అందులో అప్పటికే మూడు గారెలు, చికెన్ వేపుడు.

"మంచిదండీ," అన్నాడాయన, "కొంచెం పక్కకి జరుగుతారా? లైను ఆగిపోయింది."