సవరణ: ఫార్వర్డ్, ఓన్డ్ ఒకటి కావు
మల్టీప్రాసెసర్ క్యాష్ కోహెరెన్స్ (వేర్వేరు ప్రాసెసర్ల క్యాష్‌లలో, అంటే వాటి దగ్గరుండే చిన్న వేగమైన మెమరీల్లో, ఉన్న ఒకే డేటా కాపీల మధ్య పొంతన తప్పకుండా చూడటం) గురించి మొన్న పెట్టిన పోస్టులో ఇంటెల్ వాడే మెసిఫ్ (MESIF) పద్ధతిలోని ఫార్వర్డ్ స్థితి, ఏఎమ్‌డీ వాడే మోయెసి (MOESI) పద్ధతిలోని ఓన్డ్ స్థితి ఒకటేనని, పేర్లే వేరని రాశాను. అది తప్పు. ఓన్డ్‌లో ఉన్న లైన్‌లో (క్యాష్‌లో ఒక్కసారిగా కదిలే డేటా ముక్క) మారిన డేటా ఉంటుంది, మెమరీలో ఇంకా పాతదే ఉండొచ్చు, కాబట్టి ఆ లైన్‌ని తీసేసే ముందు మెమరీకి రాయాల్సిన బాధ్యత ఆ క్యాష్‌దే. ఫార్వర్డ్‌కి ఆ బరువు లేదు: డేటా మెమరీలో ఉన్నదే, షేర్డ్ కాపీలు నాలుగైదు క్యాష్‌లలో ఉన్నప్పుడు ఇంకో ప్రాసెసర్ ఆ డేటా అడిగితే అన్నీ ఒకేసారి జవాబివ్వకుండా ఒక్కటే ఇవ్వడానికి పెట్టిన గుర్తు అంతే, చడీచప్పుడు లేకుండా వదిలేసినా డేటా పోదు. రెండు కంపెనీల సాంకేతిక పత్రాల్లోనూ ఇది స్పష్టంగానే ఉంది (ముందే చూడాల్సింది). 2008లో నెహలెమ్ ప్రాసెసర్లతో వచ్చిన క్విక్‌పాత్ (ఇంటెల్ ప్రాసెసర్లను కలిపే లింకు) గురించి ఆ పోస్టులో రాసిన మిగతా భాగంలో మార్పేమీ లేదు.