ఆ పాత స్కోర్‌ని పారేయకండి

మొన్న ఆదివారం మారతహళ్లిలో మా అన్నయ్య వాళ్లు పెసరట్లకి పిలిస్తే వెళ్లాం, తిందామని కూర్చుంటే వదిన ప్లేట్ పక్కనే లాప్‌టాప్ పెట్టేసింది. మేనల్లుడు అమెరికా కాలేజీల్లో అడ్మిషన్‌కి రాసే శాట్ పరీక్ష రెండుసార్లు రాశాడు, మొదట 1410, తర్వాత 1430. "పాతది పంపొద్దు, పరువు తక్కువ" అని వదిన, "దాచడమెందుకే, అన్నీ పంపేద్దాం" అని అన్నయ్య. వాడు మాత్రం అల్లం చట్నీ వేసుకుంటూ ఫోన్ చూసుకుంటున్నాడు.

టోటల్ వదిలేసి సెక్షన్లు చూపించండి అన్నాను. మొదటిసారి రీడింగ్ అండ్ రైటింగ్ 690, మ్యాథ్ 720. రెండోసారి మ్యాథ్ 780 కొట్టాడు గానీ రీడింగ్ 650కి పడిపోయింది. సూపర్‌స్కోర్ చేసే కాలేజీ ఐతే ఒక్కో సెక్షన్‌లో బెస్ట్ తీసుకుంటుంది, 690, 780, మొత్తం 1470! పరువని పాతది దాచేస్తే 40 మార్కులు మనమే పారేసుకున్నట్టు. ఏ స్కోర్లు పంపాలో మనకే వదిలేసే స్కోర్ చాయిస్‌లో ఎంచుకునేది పరీక్ష తేదీనే, ఒక్క మ్యాథే విడదీసి పంపడం కుదరదు, కాబట్టి రెండు తేదీలూ వెళ్లాల్సిందే.

మన బుర్రల్లోంచి ఎంసెట్ ఇంకా పోలేదండీ, అదీ గొడవ. ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు, పేపర్లో ఫోటో పడితే హీరో, లేదంటే పక్కింటి ఆంటీ ఎదురొస్తే లిఫ్ట్ మానేసి మెట్లెక్కడం. బెంగుళూరొచ్చి ఇరవై ఏళ్లయినా నాకూ పోలేదులెండి. కానీ అమెరికాలో కాలేజీ కాలేజీకీ రూలు వేరు. ఎంఐటీ సూపర్‌స్కోర్ చేస్తుంది, జార్జ్‌టౌన్ రాసినవన్నీ పంపమంటుంది, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లు అడ్మిషన్‌కి శాట్ అసలు చూడరు. అన్నీ పంపమన్నచోట ఒకటి దాస్తే తప్పే, ఎంచుకోమన్నచోట ఎంచుకుంటే మొహమాటం దేనికి?

ఇంకో మాట, పరీక్ష రాసిన 9 రోజుల్లోపు 4 చోట్లకి ఫ్రీగా పంపుకోవచ్చు, ఐతే అప్పటికి మన స్కోర్ రాదు. ఫ్రీ అనగానే ఎగబడతాం కదా, నన్నడిగితే ఎలాగూ అన్నీ చూపించాల్సిన కాలేజీలకే అవి వాడాలి, మిగతావాటికి స్కోర్ చూసుకుని డబ్బులిచ్చి పంపుకున్నా నష్టం లేదు.

చివరికి మేనల్లుడే లాప్‌టాప్ లాక్కుని సూపర్‌స్కోర్ చేసే కాలేజీలకి రెండు తేదీలూ టిక్ పెట్టాడు. 1410 కనిపించినప్పుడల్లా వదిన మొహం చిట్లిస్తూనే ఉంది. "మళ్లీ ఒకసారి రాస్తావేంట్రా?" అన్నాడు అన్నయ్య.

"ఇంకో అట్టు వెయ్యమ్మా" అన్నాడు వాడు.