రైలు పట్టాలు రాయని పాపానికి

ఇప్పుడే మా బిడ్డ లెక్కల నోట్‌బుక్ చూశా. కుక్కర్ ఇంకా పొయ్యి మీదికి ఎక్కలేదు. ఇది రాసేదాకా ఎక్కదు కూడా.

ఆరో తరగతి. హోంవర్క్ ఏంటంటే, మీ పరిసరాల్లో సమాంతర రేఖలు, లంబ రేఖలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి ఐదు ఉదాహరణలు రాయాలి. మీ పరిసరాల్లో! ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఆదివారం మా నాయన వాళ్లింటికి పోతే పిల్ల పూటంతా అదే పని. నవారు మంచం మీద బోర్లా పడుకుని పట్టీలు లెక్కపెట్టింది. పొడుగు పట్టీలన్నీ ఒకదానికొకటి సమాంతరం, అడ్డ పట్టీలు వాటికి లంబం. తర్వాత అమ్మమ్మ నారాయణపేట చీర గళ్లు. కిటికీ ఊచలు. గల్లీలో కరెంటు స్తంభాలు. గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూసే తాత గుండు దారం, కింద గచ్చు.

కిటికీ ఊచలకు టిక్కు. మిగతా నాలుగింటికీ ఎర్ర ఇంటూ. పక్కన ఒక ప్రశ్న: 'రైలు పట్టాలు, నిచ్చెన, స్కేలు ఎక్కడ?'

కరెంటు స్తంభాలకు ఇంటూ పెట్టారంటే ఒప్పుకుంటా. మా గల్లీలో ఒక స్తంభం కిరాణా కొట్టు వైపు, ఇంకోటి మోరీ వైపు వాలి ఏళ్లయింది. అసలు మా గల్లీలో రోడ్డూ మోరీ కూడా సమాంతరమే, వాన పడనంత సేపు. పడిందంటే రెండూ మా గుమ్మం ముందే కలుస్తాయి. సరే, అది ఇంకో రోజు రాస్తా.

చీర ఏం పాపం చేసింది? మగ్గం మీద పడుగు నిలువుగా, పేక అడ్డంగా పోకపోతే అది బట్టే కాదు. లేక 2019లో నారాయణపేట వేరే జిల్లా అయిపోయింది కాబట్టి మహబూబ్‌నగర్ పిల్లల పరిసరాల కిందికి రాదా? రైలు పట్టాలైతే వస్తాయి! మా పిల్ల రైలెక్కిందే రెండుసార్లు. పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు ఉంటుంది, నిజమే. కానీ వంపు తిరిగే చోట అవి సరళ రేఖలే కావు కదా మేడం? పుస్తకంలో అచ్చయితే వంకరది కూడా తిన్నదే.

నాకు కాలింది మాత్రం గుండు దగ్గర. మా నాయన సుతారి, అంటే గోడలు కట్టే మేస్త్రీ. ఆ ఇత్తడి గుండు నాకంటే పెద్దది, వయసులో. దారం పై కొసకు ఉన్న చెక్క బిళ్లను గోడకు ఆనించి గుండు వదిలితే, అది ఊగి ఊగి ఆగాక గోడను తాకీ తాకనట్టు ఉండాలి. దూరంగా వేలాడిందా, గోడ ముందుకు వాలింది. ఒరుసుకుందా, వెనక్కి వాలింది. లంబం అంటే ఏంటో చూపించడానికి ఇంతకన్నా మంచి వస్తువు ఉందా? ఫోన్ చేసి అడిగితే 'గుండు అంటే ఏంటండీ? అట్లాంటివి రాస్తే మిగతా పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారు' అన్నారు మేడం. ఆమె కూర్చున్న గది గోడలు స్కేలు పెట్టి లేపారనుకుంటున్నారేమో.

(రెండు మూలల్లో రెండు గుండ్లు వేలాడదీస్తే ఆ దారాలు కూడా అచ్చంగా సమాంతరం కావు, రెండూ భూమి మధ్యకే చూస్తాయి కాబట్టి. ఆ కారణంతో ఇంటూ పెట్టి ఉంటే మేడంకు దండం పెట్టేదాన్ని.)

ఇది కొత్త కాదు మాకు. నాయన పుణెలో పని చేసినప్పుడు హాజరు పుస్తకంలో పేర్లే ఉండేవి కావు. 'పాలమూరు లేబర్' అని రాసి మనిషికో గీత. ఒకసారి మార్కింగ్‌లో మూల తేడాగా ఉందని కుర్ర ఇంజినీరుకు రెండుసార్లు చెప్పాడట. ఒక దారం మీద మూడు ఫీట్లు, ఇంకో దారం మీద నాలుగు, ఆ రెండు గుర్తుల మధ్య ఐదు రావాలి, రావట్లేదు సార్ అని. 'నువ్వు ఇటుకలు పెట్టు' అన్నాడట ఆ సారు. తీరా గోడ లేచాక మూల కలవలేదు. పగలగొట్టించి, నాయన ఆరు రోజుల కూలి పట్టుకున్నారు. గీత గీసినాయన జీతం ఆగలేదు. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి, పైథాగరస్ ఎవరో తెలియదు, మూల మాత్రం తెలుసు. ఆ ఆరు రోజుల లెక్క ఇప్పటికీ చెప్తాడు, నిన్న జరిగినట్టే.

పిల్ల ఏం చేసిందో తెలుసా? నోట్‌బుక్‌లో 'తాత గుండు' అన్న మాట కొట్టేసి, దాని మీద 'రైలు పట్టాలు' అని రాసుకుంది. అడిగితే 'మార్కులు పోతాయమ్మా' అంది.

శనివారం పేరెంట్స్ మీటింగ్. నాయన దగ్గర గుండు అడిగి తెచ్చుకుని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నా. ఆ స్కూల్ కొత్త కాంపౌండ్ గోడ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే.