మార్కులు రాలేదేటి తల్లీ?

విశాఖ ద్వారకానగర్ నుంచి ఇప్పుడే వచ్చాను. వంటింట్లోకి ఇంకా అడుగు పెట్టలేదు. ముందు ఇది రాయకపోతే బీపీ దిగేలా లేదు.

మా అమ్మాయి పోర్ట్‌ఫోలియో (అంటే తను వేసిన బొమ్మల కట్ట) ప్రింట్లు తీయించడానికి వెళ్ళాం. తెల్లారి ఐదింటికి ఫిషింగ్ హార్బర్‌లో కూర్చుని వేసిన పడవలు, పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల బస్తా మీద కునికే ముసలాయన, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చున్నవాళ్ళ కాళ్ళు (ఒట్టి కాళ్ళే, రెండు పేజీల నిండా). అన్నీ కౌంటర్ మీద పరిచి, నీలం మరీ నల్లగా పడిందని షాపు అబ్బాయితో గొడవపడుతున్నాం. ఇంతలో మా బాబాయి దిగాడు. ఆధార్ జిరాక్సుకట. రెండు పేజీలు తిప్పాడు, పిల్ల ముఖం చూశాడు, షాపంతా వినేలా అడిగాడు: "ఏటి తల్లీ, మార్కులు రాలేదేటి?"

వచ్చాయి బాబాయ్. వెయ్యికి 941. అదే చెప్పాను. "మరింకేటి, బంగారంలా ఇంజనీరింగ్‌లో ఎయ్యక ఈ బొమ్మలేటి?" అన్నాడు. అంటే మార్కులు రాకపోతే పాపం పిల్ల, వస్తే పాపం మార్కులు!

బొమ్మల చదువుకి సీటంటే గుళ్ళో ప్రసాదమని వీళ్ళ ఉద్దేశం. చెయ్యి చాపితే పెట్టేస్తారు. ఎన్‌ఐడీకి (డిజైన్ నేర్పే జాతీయ సంస్థ) ముందు ప్రిలిమ్స్, అది గట్టెక్కితే మెయిన్స్. అక్కడ చేతిలో ఏదో సామాను పెట్టి దీంతో ఒకటి తయారుచెయ్యి అంటారు. ఏ గైడు బట్టీ పట్టి పోవాలి దానికి? యూసీడ్ అయితే డిజైన్ డిగ్రీ సీట్లకి ఐఐటీ బాంబే పెట్టే పరీక్ష, మూడు గంటలు, కొంత కంప్యూటర్ మీద, కొంత కాగితం మీద చేత్తో గీయాలి. ఐఐటీ అనగానే మా బాబాయి కళ్ళు మతాబాల్లా వెలిగాయి. డిజైన్ కోర్సుకి అనగానే తుస్సుమన్నాయి. మన ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, నాలుగేళ్ళు. బీటెక్ ఎన్నేళ్ళో? అదీ నాలుగే. కాకపోతే బీటెక్‌లో చేరితే చదువుకుంటున్నట్టు, ఇందులో చేరితే ఆడుకుంటున్నట్టు.

అసలు తప్పు బళ్ళోనే మొదలైందిలెండి. టైమ్‌టేబుల్లో డ్రాయింగ్ అని ఒక గడి ఉండేది. పదేళ్ళలో ఆ గడిలో లెక్కల సారు ముఖమే చూసింది మా పిల్ల.

నూరేళ్ళ పైమాట, రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు చేతి పనితనం చూసి, అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర వెన్నుతట్టాడు, రామారావు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి వెళ్ళి చదివాడు. ఎక్కడి నుంచో వచ్చిన ఇంగ్లీషు దొరకి కనిపించింది, చేతుల్లో ఎత్తుకుని పెంచిన తాతకి కనిపించదా?

ఇదే బాబాయి 2023లో జీ20 సమావేశాలప్పుడు మన ఊళ్ళో గోడలకి బొమ్మలేస్తే, మనవల్ని నిలబెట్టి ఫొటోలు తీయించుకున్నాడు. వాట్సాప్ డీపీ ఇప్పటికీ అదే. ఆ గోడలు ఎవరు వేశారనుకున్నాడో! మున్సిపాలిటీ సున్నం బకెట్లోంచి వాటంతటవే దూకాయనుకున్నాడేమో.

సరే, పిల్ల సంగతి పక్కన పెట్టండి. నా కడుపుమంట వేరే ఉంది. 1997లో నేనూ ఏయూలో ఫైన్ ఆర్ట్స్‌కి అప్లికేషన్ తెచ్చుకున్నాను. నాన్న సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశారు. అప్పుడు మా హాల్లో కాఫీ తాగుతున్నది ఎవరు? ఈయనే. "అన్నయ్యా, ఆడపిల్ల బొమ్మలేసుకుంటానంటే రేప్పొద్దున్న సంబంధాలొస్తాయేటి?" అన్నాడు. నాన్న పెన్ను మూత పెట్టేశారు. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. బీకాం చేశాను. సంబంధమూ వచ్చింది, సంతోషం.

ఆ తర్వాత ఈయన కూతురి పెళ్ళికి మండపం ముందు ఆరడుగుల వెల్‌కమ్ బోర్డు ఎవరు వేశారు? నేనే. మూడు రాత్రులు మేలుకుని. కూలి? స్టీలు డబ్బాలో ఆరు లడ్డూలు. "డబ్బా తిరిగిచ్చెయ్యమ్మా" అని పిన్నితో ఫోను కూడా చేయించాడు! నిరుడు మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కార్డు డిజైన్ మా అమ్మాయి చేసింది. ఈసారి లడ్డూ కూడా లేదు, "చిటికెలో చేసేస్తావు కదా తల్లీ" అన్నాడంతే. అప్పుడు మార్కుల సంగతి గుర్తురాలేదు మహానుభావుడికి.

ఇందాక ఆటోలో వస్తూ మా ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. వెల్‌కమ్ బోర్డు 4,000. ఫంక్షన్ కార్డు 1,500. సగం అడ్వాన్సు. చుట్టాలకి లడ్డూల లెక్కన పని చెయ్యబడదు. మా ఆయన పక్కనుంచి "తీసెయ్యవే, బాగోదు" అంటూనే ఉన్నారు. తీయలేదు.

బాబాయి చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. పిన్ని మాత్రం దండం బొమ్మ ఒకటి పెట్టింది. అది ఎవరికో అర్థం కాలేదు.