నాలుగేళ్ల పిల్లాడికి రెండు పేజీల హోంవర్కా?

మావాడికి మొన్ననే నాలుగు నిండాయి, ఎల్‌కేజీ. ఇంట్లో ఒక్క నిమిషం కుదురుగా ఉండడు, సోఫా మీంచి దూకుతాడు, బియ్యం డబ్బాలో చేతులు పెట్టి గుప్పెళ్లతో పోస్తా కూర్చుంటాడు, దానికి నాకేం బాధ లేదు, ఆ వయసు అంతే కదా. నా బాధంతా ఆ హోంవర్క్ గురించే. నిన్న రాత్రి ఎనిమిదింటికి స్టాండింగ్ లైన్లు, స్లీపింగ్ లైన్లు ఒక పేజీ, ఆపైన 'అ' ఇంకో పేజీ నిండా. మూడు లైన్లు రాసేసరికి "అమ్మా వేలు నొప్పి" అని చెయ్యి చూపించాడు, పెన్సిల్ నొక్కుకుపోయి మధ్యవేలి మీద ఎర్రగా గాడి పడింది, ప్రాణం ఉసూరుమంది నాకు. ఆ వేళ్లలో ఇంకా పట్టే రాలేదు. 2020 జాతీయ విద్యా విధానంలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకి ఆటపాటలతోనే నేర్పాలని రాసే ఉంది, మరి ఇదేంటి? స్కూల్లో టీచర్లని అడిగితే "మీవాడు కూర్చోడండీ, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి" అంటారు. నాలుగేళ్లోడు గంటలు గంటలు ఎందుకు కూర్చోవాలండీ అసలు! వాళ్ల భయానికి నేను వాడి మీద అరిచా, ఏడుస్తూనే నిద్రపోయాడు. ఇవాళ ఆ బుక్కు అలాగే సగం ఖాళీగా పంపించా, డైరీలో ఏం రాసుకుంటారో రాసుకోనీ.